అమరిల్లిస్ మళ్ళీ పూయాలంటే ఆకుల్ని చూసుకోండి

బెంగళూరులో బాల్కనీలో పెట్టిన అమరిల్లిస్ పోయినేడు పూసింది, ఈ ఏడు ఉత్త ఆకులే, ఆన్‌లైన్‌లో తెప్పించిన ట్యూలిప్ దుంపలైతే మొలవనే లేదు, ఏటా పూయాలంటే ఏం చెయ్యాలి అని అడిగారు కదండీ. నేనూ ఇక్కడే చాలా ఏళ్ళుగా కుండీల్లో దుంప మొక్కలు పెంచుతున్నాను, నాకు తెలిసింది చెప్తాను.

ముందు ట్యూలిప్ సంగతి. ట్యూలిప్, డాఫడిల్, హయసింత్‌లకి లోపలున్న మొగ్గ సాగి బయటికి రావాలంటే మూడు నెలలపాటు 9 డిగ్రీల లోపు చలి ఉండాలి, మనకి జనవరి తెల్లవారుజామున కూడా 15 దగ్గరే ఆగుతుంది. శ్రీనగర్‌లో దాల్ సరస్సు దగ్గర అంత పెద్ద ట్యూలిప్ తోట ఉందంటే అక్కడి చలి వల్లే. ఇక్కడ ఫ్రిజ్‌లో పెట్టి పూయించొచ్చు, పక్కన యాపిల్, అరటిపళ్ళు లేకుండా చూసుకోవాలి, వాటినుంచి వచ్చే ఇథిలీన్ అనే వాయువుకి లోపలి మొగ్గ పాడైపోతుంది, కానీ పూశాక మన మార్చి ఎండకి ఆకులు తొందరగా ఎండిపోయి దుంప మళ్ళీ ఊరదు, కాబట్టి రెండో ఏడాది మీద ఆశ పెట్టుకోకండి.

అమరిల్లిస్ అలా కాదు, నర్సరీల్లో ఆ పేరుతో అమ్మేది హిప్పియాస్ట్రమ్, దక్షిణ అమెరికా మొక్క, దానికి ఫ్రిజ్ అక్కర్లేదు. పూలు వాడాక చాలామంది ఆకులు కూడా కత్తిరించేసి కుండీ ఒక మూలకి నెట్టేస్తారు, నాకు చాలా బాధనిపించేది అక్కడే. వచ్చే ఏడు పూసే మొగ్గ ఈ ఏడాది ఆకులు తయారుచేసిన బలంతోనే దుంప లోపల కడుతుందండీ, సుమారుగా నాలుగు ఆకులకి ఒక పూల కాడ లెక్క. అందుకని కాడ ఒక్కటే కోసెయ్యండి, కాయ కట్టనివ్వకండి, ఆకులకి మాత్రం పొద్దుటి ఎండ నాలుగైదు గంటలు తగలాలి. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా నెలకోసారి వర్మీ కంపోస్ట్, కొంచెం బోన్ మీల్ (ఎముకల పొడి) వేస్తాను, పొటాష్ కూడా ఉంటే మంచిది, యూరియా లాంటివి వేస్తే ఆకులు పచ్చగా ఏపుగా వస్తాయి గానీ పువ్వు రాదు.

అక్టోబర్‌లో మనకి వానలు ఇంకా పడతాయి కదా, అప్పుడు కుండీని చినుకు పడని చోటికి మార్చి నీళ్ళు మెల్లగా తగ్గించి ఆపెయ్యండి. ఆకులు వాటంతటవే ఎండిపోతాయి, ఎనిమిది పది వారాలు అలా వదిలెయ్యండి. దుంప బయటికి తీస్తే వంటింట్లో మాత్రం పెట్టొద్దు, చూడ్డానికి అచ్చం ఉల్లిగడ్డే, కానీ విషం, పిల్లలకీ కుక్కలకీ కూడా అందకూడదు. జనవరి చివర్లో ఎండలోకి తెచ్చి ఒకసారి బాగా తడిపి, కాడ కనిపించేదాకా నీళ్ళు తక్కువే పొయ్యండి. కుండీ దుంపకంటే కొంచెమే పెద్దది చాలు, దుంప పైభాగం మట్టిపైకి కనపడాలి, మొత్తం కప్పేస్తే మెడ దగ్గర కుళ్ళుతుంది. పక్కన పుట్టే పిల్ల దుంపలు పూయడానికి రెండు మూడేళ్ళు పడుతుంది, వాటికోసం తొందరపడకండి.

వానాకాలంలో నల్లటి ఒంటిమీద తెలుపు, ఎరుపు చుక్కలున్న గొంగళిపురుగులు గుంపుగా వచ్చి చూస్తుండగానే ఆకులన్నీ తినేస్తాయి, ఆకులు పోతే వచ్చే ఏడు పువ్వూ పోయినట్టే. సాయంత్రాలు ఆకు వెనక చూసి చేత్తో ఏరెయ్యండి, తర్వాత వేపనూనె స్ప్రే.

ట్యూలిప్‌కి పెట్టే డబ్బుతో లాల్‌బాగ్ దగ్గర సిద్దాపుర నర్సరీల్లో ఫుట్‌బాల్ లిల్లీ దుంపలు కొనుక్కోండి, కొందరు మే ఫ్లవర్ అంటారు. ఏప్రిల్, మే నెలల్లో మామిడి జల్లులు పడగానే ఎర్రటి బంతిలా పూస్తుంది. చలికాలం ఆకు పోయాక పొడిగా ఉంచడం, ఊరికే తవ్వి కదపకపోవడం, దానికి ఇంతకన్నా ఏమీ అక్కర్లేదు.