బుజ్జమ్మా, ముందు ఎవరిని లెక్కపెడుతున్నారో తేల్చుకోండి

బుజ్జమ్మా,

నీ మెసేజ్ రాత్రే చూశాను, అర్ధరాత్రి అంత టైపు చేసే ఓపిక లేక పొద్దున్నే కూర్చున్నాను. ఏడు దేశాల వాళ్ళని కూర్చోబెట్టి, ఇల్లు లేనివాళ్ళ సమస్య మీద ఒకే ప్లాన్ తయారు చేయించాలి, ఎక్కడ మొదలుపెట్టను మామయ్యా అని అడిగావు. ప్లాన్ సంగతి తర్వాత. 'ఇల్లు లేదు' అంటే వాళ్ళ దేశంలో ఏందో ముందు ఒక్కొక్కరి చేతా చెప్పించు.

ఎందుకంటే, 2023లో ఫిన్లాండ్ లెక్క 3,000 పైచిలుకు, జపాన్ లెక్కా 3,000 పైచిలుకే. ఫిన్లాండ్ జనాభా 55 లక్షలు, జపాన్ జనాభా 12 కోట్ల పైన. ఇది చూసి జపాన్‌ని మెచ్చుకుంటూ స్లైడ్ పెట్టావంటే పరువు పోతుంది. జపాన్ వాళ్ళు పార్కుల్లో, ఏటి గట్ల మీద, స్టేషన్లలో బతికేవాళ్ళనే లెక్కపెడతారు. ఫిన్లాండ్ వాళ్ళు గతిలేక చుట్టాలిళ్ళలో, స్నేహితులిళ్ళలో సర్దుకునేవాళ్ళని కూడా కలుపుతారు, అసలు వాళ్ళ లెక్కలో ఎక్కువ మంది అలాంటివాళ్ళే. ఆ లెక్కన మన వసారాలో నాలుగేళ్ళు మంచం వేసుకున్న మీ చిన్నతాతని కూడా రాసుకోవాల్సిందే, నవ్వకు.

నేనూ ఈ తప్పు చేసినవాణ్ణే. 2011 ఫిబ్రవరి 28 రాత్రి జనాభా లెక్కల డ్యూటీలో నెల్లూరు బస్టాండుకి టార్చి పట్టుకుని వెళ్ళాం. స్తంభం పక్కన ఒక ముసలమ్మ గోతాం పరుచుకుని, చెప్పులు కవర్లో చుట్టి తల కింద పెట్టుకుని పడుకుంది. ఇల్లెక్కడమ్మా అంటే "కోవూరు నాయనా" అంది. ప్రయాణికురాలే అనుకుని ముందుకు కదిలాను. టీ కొట్టతను పిలిచి, "సార్, ఆమె కోవూరు వదిలి ఆరేళ్ళయింది, రోజూ ఈ స్తంభమే" అన్నాడు. వెనక్కి వచ్చి రాసుకున్నాను. ఊరి పేరు చెప్పిన వాళ్ళందరికీ ఇల్లుందనుకుని అంతకు ముందు ఎంతమందిని వదిలేశానో దేవుడికే తెలియాలి. ఆ ఏడాది దేశం మొత్తానికి తేలిన 17.7 లక్షల్లో నేను వదిలేసినవాళ్ళు లేరు.

అందుకని మీ ఫారంలో 'ఇల్లుందా' అనే ప్రశ్న తీసేయించు. నిన్న రాత్రి ఎక్కడ పడుకున్నావు, వచ్చే వారం కూడా అక్కడే పడుకోగలవా, ఈ రెండూ చాలు. ముత్తుకూరు వైపు రొయ్యల గుంటల గట్ల మీద కాపలా ఉండే యానాది కుటుంబాలు ఉన్నాయి కదా, టార్పాలిన్ గుడిసెలో ఉంటారు, గుంట యజమాని పొమ్మంటే ఆ రోజే మూటలు కట్టాలి. మన లెక్కలో వాళ్ళకి ఇల్లున్నట్టే! షికాగోలో డీపాల్ యూనివర్సిటీ వాళ్ళ సంస్థ ఒకటి అన్ని దేశాలకీ పనికొచ్చేలా మూడు రకాలుగా విడగొట్టింది: తలదాచుకునే చోటే లేనివాళ్ళు, షెల్టర్లలో తాత్కాలికంగా ఉన్నవాళ్ళు, ఉండటానికి ఏమాత్రం పనికిరాని, భద్రత లేని చోట ఉన్నవాళ్ళు. ఆ మూడు గడులూ పెట్టుకుని, ఏ దేశం ఏ గడి నింపిందో చూసి అప్పుడు పోల్చండి.

ఇంకోటి. ఎవరో ఒకరు లేచి 'హౌసింగ్ ఫస్ట్' అంటారు, అంటే తాగుడు మానాక, జబ్బు తగ్గాక అని షరతు పెట్టకుండా ముందు ఇల్లివ్వడం. మంచి పద్ధతే, ఫిన్లాండ్ 2008 నుంచీ ఆ దారి పట్టింది, షెల్టర్లనే అద్దె ఫ్లాట్లుగా మార్చి, మనిషి పేరున అగ్రిమెంటు రాసిచ్చింది. కానీ అక్కడ వై ఫౌండేషన్ అనే సంస్థ ఇల్లు లేనివాళ్ళ కోసం 1985 నుంచీ ఇళ్ళు కూడబెడుతూ వచ్చింది. మన దగ్గర 2010లో సుప్రీంకోర్టు లక్ష జనాభాకి ఒక షెల్టర్, 24 గంటలూ, ఏడాది పొడుగునా అని చెప్పినా, నేను చూసిన ఒక షెల్టర్లో ఆధార్ లేదని ఒకతన్ని వానలో నిలబెట్టారు. కాబట్టి మీరేం సాధించారని అడక్కు, ఎక్కడ దెబ్బతిన్నారో అడుగు. దానికి నోరు విప్పడానికి రెండు మూడు మీటింగులు పడుతుంది, ఓపిక పట్టు.

టైముల గొడవ పెద్దది కాదు, ఒక్కోసారి ఒక్కో దేశం రాత్రి మేల్కొంటే సరిపోతుంది. బయట పడుకున్న అనుభవం ఉన్నవాళ్ళని పిలిస్తే మాత్రం, కాఫీ ఇచ్చి ఫొటో తీసి పంపొద్దు, ఆ రోజు కూలీ ఇవ్వండి.

ప్రశ్నలు ఖాయమయ్యాక నాకు పంపు. మన నెల్లూరు మాటల్లోకి మార్చి, బస్టాండులో పదిమందిని అడిగి చూసి, ఎక్కడ తికమక పడ్డారో రాస్తాను.

మీ మామయ్య