పబ్లిక్ కీతో పెద్ద ఫైలు ఎందుకు ఎన్‌క్రిప్ట్ కావడం లేదు?

పర్లాకిమిడి నుంచి విశాఖలో ఉన్న అన్నయ్యగారికి ఇంటి దస్తావేజుల స్కాన్లు పంపాలని, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే ఎన్‌క్రిప్షన్ టూల్‌లో ఆయన ఆర్‌ఎస్‌ఏ పబ్లిక్ కీ (ఎవరికైనా ఇవ్వగల తాళం, దాంతో మూసినది ఆయన ప్రైవేట్ కీతోనే తెరుచుకుంటుంది) వాడితే డేటా మరీ పెద్దదని ఎర్రర్ వస్తోందన్నారు.

టెన్షన్ పడకండి, మీ ఫైలు బాగానే ఉంది. ఆర్‌ఎస్‌ఏ ఒక్కసారికి కీ సైజుకి మించిన డేటాని మూయలేదు. 2048 బిట్ల కీ అంటే 256 బైట్లు. మామూలు ప్యాడింగ్‌కి (భద్రత కోసం డేటాకి కలిపే అదనపు బైట్లకి) 11 పోతే మిగిలేది 245. కంప్యూటర్లో అక్షరాలని దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరానికీ, గుణింతపు గుర్తుకీ విడివిడిగా 3 బైట్లు కావాలి కాబట్టి రెండు వాక్యాలకే అది నిండిపోతుంది. ఇక స్కాన్ ఎక్కడ పడుతుంది!

అందుకే ఫైలుని అప్పటికప్పుడు పుట్టించిన రహస్య కీతో ఎన్‌క్రిప్ట్ చేసి, ఆ చిన్న కీని మాత్రమే పబ్లిక్ కీతో మూస్తారు. జీపీజీ అనే ఎన్‌క్రిప్షన్ ప్రోగ్రామ్ ఈ రెండు పనులూ తనే చూసుకుంటుంది. అన్నయ్యగారి చేత జీపీజీ కీ తయారు చేయించి, దాని పబ్లిక్ భాగాన్ని మీరు ఇంపోర్ట్ చేసుకోండి. కమాండ్‌లో ఎన్‌క్రిప్ట్ ఆప్షన్, రెసిపియెంట్‌గా (అందుకునేవారిగా) ఆయన ఈమెయిల్, చివర ఫైలు పేరు ఇస్తే చాలు. రెండో రెసిపియెంట్‌గా మీ కీ కూడా పెట్టండి. లేకపోతే ఆ ఎన్‌క్రిప్టెడ్ కాపీని రేపు మీరే తెరవలేరు.

పంపేముందు ఒక్క పని మాత్రం వదలొద్దు. మీ దగ్గరున్న కీ నిజంగా ఆయనదేనని తేల్చుకోవడానికి, ఆయనకి ఫోన్ చేసి కీ ఫింగర్‌ప్రింట్ (ఆ కీని గుర్తుపట్టే అంకెలు, ఇంగ్లిష్ అక్షరాల వరస) చదివించుకోండి. సాధారణంగా 40 అక్షరాలుంటాయి, నాలుగేసి చొప్పున సరిచూడండి. ఫోన్లో బి, డి ఒకేలా వినిపిస్తాయి. మేం ఇంట్లో "బరంపురం బి, ఢిల్లీ డి" అని చెప్పుకుంటాం. ఒక్క అక్షరం తేడా వచ్చినా ఆ కీ వాడకండి.