ఏరియా సేఫేనా అన్నా?

కడప నుంచో అనంతపురం నుంచో కొత్తగా అమెరికా వచ్చిన పిల్లలు ఇల్లు వెతుక్కునే రోజుల్లో ఫోన్ చేస్తే, అద్దె కంటే ముందు వచ్చే మాట ఇదే: "ఆ ఏరియా సేఫేనా అన్నా?" ఇదే మాట రియల్ ఎస్టేట్ ఏజెంటును అడిగితే ఆయన నీళ్లు నములుతాడు. ఏదో దాస్తున్నాడని మనవాళ్లకు టెన్షన్ మొదలవుతుంది. ఆయన దాచేదేమీ లేదు. 1968లో వచ్చిన ఫెయిర్ హౌసింగ్ చట్టం ప్రకారం రంగు, మతం, పుట్టిన దేశం చూసి కొనేవాళ్లను ఒక పేట వైపు నడిపించడం, ఇంకో పేట నుంచి తప్పించడం తప్పు. "ఇది మంచి ఏరియా, అది కాదు" అన్న మాట ఎక్కడ ఆ చట్టానికి అడ్డం వస్తుందోనని ఏజెంట్లు నోరు మెదపరు.

కాబట్టి చూసుకోవలసింది మీరే. చాలా ఊళ్లలో పోలీసు శాఖ వాళ్లే నేరాల మ్యాపు వెబ్‌సైట్‌లో పెడతారు. మ్యాపు మీద చుక్కలు ఎన్నున్నాయని లెక్కపెట్టి భయపడకండి, అవి ఏ రకం నేరాలో చూడండి. పక్కన పెద్ద షాపింగ్ మాల్ ఉంటే అక్కడి చిల్లర దొంగతనాలన్నీ మీ పేట లెక్కలోకే వస్తాయి. ఇళ్లలో దూరినవి, కార్ల అద్దాలు పగలగొట్టినవి ఎన్ని ఉన్నాయన్నది అసలు సంగతి. తర్వాత శుక్రవారం రాత్రి పదింటికి ఒకసారి అక్కడికి వెళ్లి రండి. పార్కింగ్‌లో దీపాలు వెలుగుతున్నాయా, నేల మీద పగిలిన కారు అద్దం రవ్వలు కనిపిస్తున్నాయా, "గేటెడ్" అని గొప్పగా రాసుకున్న గేటు అసలు మూసుకుంటోందా? నేను చూసిన అపార్ట్‌మెంట్లలో సగం గేట్లు చెడిపోయి బార్లా తెరిచే ఉంటాయి. ఆ గేటుకని నెలకు ఎక్కువ అద్దె కట్టడం దండగ.

ఇదంతా చూసి చేరిన తర్వాత మన ఊరికి, ఇక్కడికి ఉన్న అసలు తేడా తెలుస్తుంది. కడపలో మా ఎర్రముక్కపల్లె వీధిలోకి ముక్కూమొహం తెలియని మనిషి వస్తే పది అడుగులు వేసేలోపు ఎవరో ఒకరు అడుగుతారు: "ఎవరు కావల్లప్పా?" అరుగు మీద కూర్చున్న అవ్వ, ఇస్త్రీ బండి ఆయన, చిల్లర అంగడి ఆయన, అందరివీ కళ్లే. ఎవరి ఇంటికి ఎవరొచ్చారు, ఎందుకొచ్చారు, కాఫీ తాగి పోయారా లేదా అన్నది కూడా వాళ్లకు కావాలి. ఆ ఆరాలు చిన్నప్పుడు విసుగు పుట్టించేవి. మాకు కాపలా కాసింది మాత్రం ఆ ఆరాలే. ఇక్కడ పొద్దున ఎనిమిదికి కార్లు వెళ్లిపోతే సాయంత్రం దాకా వీధిలో పురుగు కూడా కనిపించదు. ఇళ్లల్లో దొంగలు పడేది కూడా ఎక్కువగా పట్టపగలే, ఆఫీసు వేళల్లో. ఊళ్లో ఊరికే దొరికిన ఆ కళ్లను ఇక్కడ మనమే వెళ్లి సంపాదించుకోవాలి.

మనవాళ్లు ఎక్కువగా తప్పించుకునే పని ఇదే. కెమెరా కొంటారు, అలారం పెట్టిస్తారు, పక్కింటి వాళ్ల పేరు మాత్రం రెండేళ్లయినా తెలియదు. ఇల్లు మారిన మొదటి వారంలోనే అటు రెండిళ్లు, ఇటు రెండిళ్లు, ఎదురుగా ఉన్న ఇల్లు తలుపు తట్టి పేరు చెప్పుకోండి, ఫోన్ నంబర్లు ఇచ్చి పుచ్చుకోండి. స్వీట్లు పట్టుకెళ్తే ఇంకా మంచిది, జీడిపప్పు ఉంటే మాత్రం ముందే చెప్పండి, ఇక్కడ చాలామందికి అలర్జీ. పగలు ఇంట్లోనే ఉండే రిటైరైన పెద్దవాళ్లు ఆ వీధిలో ఉంటే వాళ్లతో పరిచయం ఏ కెమెరా కన్నా విలువైంది. నేబర్‌హుడ్ వాచ్ అని బోర్డులు కనిపిస్తాయి కదా, దాన్ని దేశవ్యాప్తంగా 1972లో షెరీఫ్‌ల (జిల్లా స్థాయి పోలీసు అధికారుల) జాతీయ సంఘం మొదలుపెట్టింది. అందులో సభ్యులు గస్తీ తిరిగి దొంగల్ని పట్టరు. వింతగా కనిపించింది చూసి పోలీసులకు ఫోన్ చేస్తారు, అంతే.

ఆ చూసే కళ్లకు మీరు తెలియకపోతే మీరే వింతగా కనిపిస్తారు, అది మరచిపోవద్దు. 2015 ఫిబ్రవరిలో అలబామా రాష్ట్రం మాడిసన్‌లో, మనవడిని చూసుకోవడానికి గుజరాత్ నుంచి కొడుకు ఇంటికి వచ్చిన 57 ఏళ్ల పెద్దాయన పొద్దున నడకకు వెళ్లాడు. ఎవరో అనుమానాస్పదంగా తిరుగుతున్నాడని పక్కవాళ్లు పోలీసులకు ఫోన్ చేశారు. ఆయనకు ఇంగ్లీషు రాదు. పోలీసు ఆయన్ని నేలకేసి కొడితే వెన్నెముక దెబ్బతిని శస్త్రచికిత్స చేయాల్సి వచ్చింది. మన అమ్మానాన్నలు కూడా అచ్చం అలాగే నడుస్తారు. నాన్న గ్యారేజీల ముందు ఆగి "ఈ కారెంతుంటుందో" అని చూస్తాడు, అమ్మ పక్కింటి వాకిట్లో పూల చెట్టు దగ్గర నిలబడుతుంది. కడపలో అది పలకరింపుకు మొదలు. ఇక్కడ అది ఫోన్ కాల్.

అందుకని వాళ్లు దిగిన రెండో రోజే వెంటబెట్టుకుని వీధంతా నడవండి, కనిపించిన ప్రతివాళ్లకూ పరిచయం చేయండి. వాళ్ల జేబులో మీ అడ్రసు, ఫోన్ నంబరు, "నేను తెలుగు మాట్లాడతాను, మా అబ్బాయి ఇల్లు ఇది" అని ఇంగ్లీషులో రాసిన కార్డు పెట్టండి. పోలీసు ఆపితే పరిగెత్తవద్దని, చేతులు జేబుల్లో పెట్టవద్దని, కార్డు కోసమైనా తడుముకోకుండా ముందు చేతులు కనిపించేలా నిలబడమని చెప్పండి. నేషనల్ నైట్ అవుట్ అని, ఇరుగుపొరుగు, పోలీసులు కలుసుకునే సందడి ఏటా ఆగస్టు మొదటి మంగళవారం వీధుల్లో జరుగుతుంది. నేనుండే టెక్సస్‌లో ఎండకు జడిసి అక్టోబరు మొదటి మంగళవారానికి మార్చుకున్నారు. పోలీసులు, ఫైర్ ఇంజిన్ వాళ్లు కూడా వస్తారు, పిల్లలకు ఐస్‌క్రీములు ఇస్తారు. అమ్మానాన్నలు ఆ వేళకు ఇక్కడుంటే తప్పకుండా తీసుకెళ్లండి.

ఇక బంగారం. ప్రొద్దుటూరు బంగారు అంగళ్లు ఉన్న జిల్లా మనది. పెళ్లికి ఏం పెట్టారో తులాల్లోనే చెప్పుకుంటాం. భారతీయుల ఇళ్లలో బంగారం ఉంటుందని ఇక్కడి దొంగలకు బాగా తెలుసు. 2011 నుంచి 2014 దాకా జార్జియా, న్యూయార్క్, ఒహాయో, మిషిగన్, టెక్సస్ రాష్ట్రాల్లో భారతీయ, ఆసియా కుటుంబాల ఇళ్లనే ఏరి, ముందే జాబితా రాసుకుని దోచిన ముఠా ఒకటి దొరికింది. దాని నాయకురాలికి 2019లో మిషిగన్‌లోని ఫెడరల్ కోర్టు 37 ఏళ్ల జైలు శిక్ష వేసింది. ఇది విని కొందరు గుమ్మానికి కట్టిన మామిడాకులు, ఓంకారం స్టిక్కరు పీకేస్తుంటారు. నాకైతే అది నచ్చదు. ఇంట్లో బంగారం ఉంచుకోకపోతే తోరణం చూసి వచ్చినా దొంగకు దొరికేదేమీ ఉండదు. రోజూ వేసుకునేవి తప్ప మిగతావి బ్యాంకు లాకర్లో పెట్టండి. మీ బ్యాంకు కొత్త లాకర్లు ఇవ్వడం లేదంటే చుట్టుపక్కల క్రెడిట్ యూనియన్లలో (సభ్యులే నడుపుకునే సహకార బ్యాంకుల్లాంటివి) అడగండి. ఇంట్లో సేఫ్ కొంటే నేలకో గోడకో బోల్టులు వేసి బిగించండి, లేకపోతే అది దొంగ పని తేలిక చేసే పెట్టె, చంకన పెట్టుకుని పోతాడు. బెడ్‌రూమ్ బీరువా, బియ్యం డబ్బా, పూజ గది, ఈ మూడూ వాళ్లు మొదట వెతికే చోట్లే.

ఇన్సూరెన్స్ ఉంది కదా అని ధీమాగా ఉండకండి. మామూలు ఇంటి పాలసీలో నగల దొంగతనానికి సాధారణంగా మొత్తం కలిపి 1,500 డాలర్ల దగ్గరే గీత గీస్తారు. అంతకు మించి కావాలంటే నగలను విడిగా రాయించుకుని అదనపు ప్రీమియం కట్టాలి, దానికి అప్రైజల్, అంటే నగకు విలువ కట్టిన పత్రం, అడుగుతారు. అమ్మ ఇచ్చిన గొలుసుకు, అవ్వ కమ్మలకు బిల్లులు ఎక్కడుంటాయి? కనీసం ప్రతిదాన్నీ బరువుతో సహా ఫొటో తీసి పెట్టుకోండి. బ్యాంకు లాకర్లో ఉన్నవాటికి కూడా ప్రభుత్వ డిపాజిట్ బీమా వర్తించదు, అది ఖాతాలో ఉన్న డబ్బుకే. పెళ్లికి ఇండియా వెళ్తూ ఎయిర్‌పోర్టులో కుటుంబమంతా నిలబడి ఫొటో పెడతారు చూడండి, దాన్ని తిరిగొచ్చాక పెట్టండి. అన్నాళ్లూ ఉత్తరాల డబ్బా నిండకుండా పోస్టాఫీసు వాళ్లను ఆపి ఉంచమనవచ్చు, మూడు రోజుల నుంచి 30 రోజుల దాకా ఉచితంగా ఉంచుతారు.

తలుపుల సంగతి క్లుప్తంగా చెబుతాను. తాళం ఎంత ఖరీదైనా, గడియ దిగే ఇనుప పట్టీ ద్వారబంధానికి పొట్టి స్క్రూలతో ఉంటే ఒక్క తన్నుకు ఊడి వస్తుంది. మూడంగుళాల స్క్రూలు వేయించండి, అయ్యే ఖర్చు కొన్ని డాలర్లే. అద్దె ఇల్లయితే ఓనరును అడిగి వేయించండి. పాత అద్దెదారు దగ్గర తాళంచెవి ఉండిపోయి ఉంటుందన్న అనుమానం కూడా న్యాయమైనదే. టెక్సస్‌లో కొత్తవాళ్లు చేరిన ఏడు రోజుల్లోపు ఓనరు తన ఖర్చుతో తాళం మార్పించాలని చట్టమే ఉంది. గ్యారేజీ రిమోట్‌ను బయట నిలబెట్టిన కారులో వదిలేస్తే ఇంటి తాళంచెవి వదిలేసినట్టే. లాప్‌టాప్ బ్యాగు ఖాళీదైనా కారు సీటు మీద కనిపించకూడదు. అలారం పెట్టించేవాళ్లు మీ ఊళ్లో పర్మిట్ కావాలేమో కనుక్కోండి, చాలా ఊళ్లలో కావాలి. ఊరికే మోగితే జరిమానా కూడా పడుతుంది.

తలుపు తట్టేవాళ్లు ఇక్కడ చాలామందే ఉంటారు. చీమల మందు కొట్టేవాడు, కప్పు బాగుచేస్తాననేవాడు, సోలార్ పలకలవాడు. ఎక్కువమంది నిజంగా అమ్ముకునేవాళ్లే. పగలు ఒంటరిగా ఉన్న అమ్మ మాత్రం "ఎండలో వచ్చాడు పాపం" అని తలుపు తీసి నీళ్లిస్తుంది. తలుపు తీయకుండా లోపలి నుంచే "వద్దు" అనడం అమర్యాద కాదని ఆమెకు నేర్పాలి. అసలు పలకకుండా ఊరుకోవడం కూడా మంచిది కాదు, ఎవరూ లేరనుకునే ప్రమాదం ఉంది. తలుపు తట్టేది మనమైనప్పుడు కూడా జాగ్రత్త కావాలి: ఫంక్షన్‌కో పాట్‌లక్‌కో (తలా ఒక వంట తెచ్చుకునే విందుకో) వెళ్తూ ఇంటి నంబరు సరిగా చూసుకోకుండా తలుపు తట్టకండి. 2023 ఏప్రిల్‌లో కాన్సస్ సిటీలో తమ్ముళ్లను తీసుకురావడానికి వెళ్లిన 16 ఏళ్ల కుర్రాడు పొరపాటున వేరే ఇంటి బెల్ కొడితే ఆ ఇంటి పెద్దాయన తుపాకీతో కాల్చాడు. కుర్రాడు బతకడం అదృష్టం. ప్రతి ఇంట్లో తుపాకీ ఉండదు కానీ ఏ ఇంట్లో ఉందో మీకు తెలియదు. రాత్రి ఇంట్లో చప్పుడైతే మీరు కర్ర పట్టుకుని బయల్దేరకుండా, గదిలో గడియ పెట్టుకుని అత్యవసర నంబరు 911కు ఫోన్ చేయాల్సింది కూడా ఇందుకే, దూరినవాడి దగ్గర తుపాకీ ఉందో లేదో తెలియదు.

911కు ఫోన్ చేసినప్పుడు మొదట చెప్పాల్సింది అడ్రసు. ఫోన్ మధ్యలో కట్ అయినా వాళ్లు వచ్చేస్తారు. మన ఊళ్లో "వాటర్ ట్యాంకు ఎదురుగా, రాములవారి గుడి పక్క సందు" అంటే సరిపోతుంది. ఇక్కడ నంబరు, వీధి పేరు కావాలి, వచ్చిన నెల రోజులకు కూడా చాలామంది పెద్దవాళ్లకు అవి తెలియవు. పెద్ద అక్షరాలతో తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసి ఫ్రిజ్ మీద అంటించండి. ఇంగ్లీషు రాకపోతే "తెలుగు" అన్న ఒక్క మాట చెప్పి లైన్లోనే ఉండమనండి, దుబాసీని కలుపుతారు. ఇండియాకు ఫోన్ చేయబోయి పొరపాటున 911 నొక్కేవాళ్లు మనలో ఎక్కువ, 91 అలవాటు కదా. అలా జరిగితే భయపడి పెట్టేయకండి, పొరపాటైందని చెప్పండి. పెట్టేస్తే తిరిగి ఫోన్ చేస్తారు, ఒక్కోసారి పోలీసు కారే ఇంటికి వస్తుంది. పార్టీ గోల, పార్కింగ్ తగాదా లాంటివాటికి ప్రతి ఊరికీ వేరే నంబరు ఉంటుంది, అదీ రాసి పెట్టుకోండి.

ఇక్కడ ఇన్ని జాగ్రత్తలు తీసుకుని, అమ్మానాన్నల్ని ఆర్నెల్లకు పిలిపించుకున్నాక అక్కడ తాళం పడ్డ ఇంటిని మాత్రం మరచిపోతాం. మన వైపు ఇల్లు ఖాళీగా ఉందని చెప్పేది తాళం కంటే ముందు వాకిలి. కళ్లాపి చల్లకుండా, ముగ్గు లేకుండా నాలుగు రోజులు కనిపిస్తే వీధిన పోయే ఎవడికైనా అర్థమైపోతుంది. పనమ్మాయికి జీతం ఆపకుండా రోజూ వాకిలి ఊడ్చి ముగ్గు వేయమనండి, పేపరు, పాలు మాన్పించండి, గేటుకు బయట కనిపించేలా పెద్ద తాళం వేయకండి. ఆంధ్రప్రదేశ్ పోలీసుల ఎల్‌హెచ్‌ఎంఎస్ (తాళం వేసిన ఇళ్ల నిఘా) యాప్‌లో ఇల్లు రిజిస్టర్ చేసి, ఊరు వెళ్లేముందు నిఘా కోరితే పోలీసులే వచ్చి కదలిక పసిగట్టే కెమెరా పెడతారు, ఎవరైనా దూరితే కంట్రోల్ రూముకు తెలుస్తుంది. డబ్బులు తీసుకోరు. కెమెరా ఎన్నాళ్లు ఉంచుతారో మీ స్టేషన్‌లో ముందే అడిగి తెలుసుకోండి. బంగారం అక్కడా లాకర్లోనే ఉండాలి. బ్యాంకు తప్పు వల్ల పోయినా పరిహారం ఏడాది లాకరు అద్దెకు వంద రెట్ల వరకేనని 2022 నుంచి రిజర్వు బ్యాంకు నియమం, అది తెలిసే పెట్టుకోండి. ఎండాకాలం వాళ్లు తిరిగి వెళ్లాక మిద్దె మీద పడుకునేటప్పుడు కింద తలుపులు వేసి తాళం తీసుకుని పైకెక్కమని గుర్తు చేయండి. కడప ఎండలకు మిద్దె ఎక్కక తప్పదు, ఆ సంగతి దొంగలకూ తెలుసు.