‘టేక్’ పక్కన ఏముందో చూడు

అమ్మలూ,

నువ్వు పంపిన అనువాదం నిన్న రాత్రి రెండుసార్లు చదివాను. అర్థంలో తప్పుల్లేవు. కానీ నాలుగు పేజీల ఆరోగ్య కరపత్రంలో ‘తీసుకోండి’ 17 సార్లు వచ్చింది. ఇంగ్లిష్‌లో ‘టేక్’ కనబడ్డ ప్రతిచోటా నీ చెయ్యి ఆ ఒక్కమాటే రాసేసింది. నేనూ ఇలాంటి కాగితాలతోనే ఈ పనిలోకి వచ్చాను, అందుకే ఈ ఒక్క క్రియ గురించి కాస్త తీరిగ్గా రాస్తున్నాను.

మొదట్లో ఒక ఆసుపత్రికి రాసిచ్చిన కాగితంలో ‘రోజుకు రెండు మాత్రలు తీసుకోండి’ అని పెట్టాను. కొన్నాళ్ళకు అక్కడికి వెళితే, ఒక ముసలావిడ నర్సుతో అంటోంది: “తీసుకోమన్నారు, తీసుకున్నాను కదమ్మా!” కొంగుముడి విప్పి చూపించింది. రేకుల్లో మాత్రలు ఒక్కటీ చెదరలేదు. కౌంటరు దగ్గర తీసుకుంది, జాగ్రత్తగా దాచుకుంది. అన్నాళ్ళూ ఆవిడ బీపీకి మందు పడలేదు, నా మాట వల్ల. వాళ్ళింట్లో మాత్ర వేసుకుంటారు, టానిక్కు తాగుతారు, సూది వేయించుకుంటారు, ఆవిరి పట్టుకుంటారు. మందు ఒంట్లోకి ఏ దారిన వెళుతుందో మన క్రియ చెప్పేస్తుంది. ‘తీసుకోండి’ ఆ సంగతి చెప్పదు.

కాబట్టి టేక్‌కు పర్యాయపదాలు వెతుకుతూ కూర్చోకు. దాని పక్కనున్న నామవాచకాన్ని చూడు, తెలుగులో క్రియను పిలిచేది అదే. బస్సు ఎక్కుతాం, పరీక్ష రాస్తాం, స్నానం చేస్తాం, టైము పడుతుంది. ‘టేక్స్ ఆఫ్టర్ హిజ్ ఫాదర్’ అంటే ‘వాడిది నాన్న పోలిక’ అంటే చాలు, క్రియతో పనే లేదు.

ఆ తర్వాత, ఆ పని ఎవరిదో చూడు. ‘వియ్ టుక్ ఎ ఫొటో’ అన్నప్పుడు కెమెరా ఎవరి చేతిలో ఉంది? వాళ్ళ చేతిలోనే ఉంటే ఫొటో తీశారు, ఎదురుగా నిలబడితే ఫొటో దిగారు. ఆఫీసులో సెలవు పెడతాం, చుట్టాలింట్లో లేచేటప్పుడు సెలవు తీసుకుంటాం. ఇలాంటి చోట పై వాక్యమూ కింది వాక్యమూ చదవనిదే కలం కదపకూడదు.

పర్యాయపదాల సంగతికొస్తే, రోజెట్ థిసారస్ అనే ఇంగ్లిష్ పర్యాయపదాల పుస్తకం మొదట అచ్చయింది 1852లో. సి.పి. బ్రౌన్ తెలుగు–ఇంగ్లిష్ నిఘంటువు కూడా ఆ ఏడాదే వచ్చింది. రెండూ నీ బల్లమీద ఉండాల్సినవే. అయితే రోజెట్ అర్థం దగ్గరగా ఉన్న మాటల్ని ఒకచోట చేరుస్తాడు, తేడా మాత్రం మనమే పట్టుకోవాలి. గ్రాబ్, సీజ్, యాక్సెప్ట్, రిసీవ్ వరసగా కనిపించినప్పుడు నేను వేసుకునే ప్రశ్న ఒకటే: ఇచ్చేవాడికి ఇష్టమేనా? ఇష్టమైతే అందుకోవడం, స్వీకరించడం, పుచ్చుకోవడం. కాకపోతే లాక్కోవడం, గుంజుకోవడం. చేతిలో అధికారం ఉంటే జప్తు చేయడం. ‘గివ్ అండ్ టేక్’ కోసం తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు, ‘ఇచ్చిపుచ్చుకోవడం’ మనకు ఎప్పటినుంచో ఉంది.

నాకెంతో ఇష్టమైన సంగతి ఒకటి చెప్పనా? టేక్ ఇంగ్లిష్‌లో పుట్టిన మాట కాదు, ఉత్తర ఐరోపా నుంచి వచ్చిన వైకింగుల భాషలోని ‘టాకా’ నుంచి వచ్చి చేరింది. అంతకుముందు ఇంగ్లిష్‌లో ‘నిమన్’ అనేవాళ్ళు. కొత్తమాట దాన్ని క్రమంగా తోసేసింది. పాతమాట ఆనవాలు ‘నమ్’ (numb) అన్న ఇంగ్లిష్ మాటలో మిగిలింది. స్పర్శ తెలియకుండా పోవడం అంటే, ఏదో వచ్చి ‘పట్టడం’ అన్నమాట. మనమూ కాలికి తిమ్మిరి పట్టిందనే అంటాం కదా! మన వైపూ అలాంటి కథే నడిచింది. పాత తెలుగులో ‘కొను’ అంటే తీసుకోవడం. ఇప్పుడది విడిగా ఉంటే డబ్బిచ్చి కొనడమే, కానీ తెచ్చుకో, రాసుకో, వేసుకో లాంటి మాటల చివర ఆ పాత కొనడమే ఉంది. ‘తీసుకో’ కూడా తీసి కొనడమే. అందుకే చిన్న ‘కో’ని తేలిగ్గా చూడకు. ‘మందు వెయ్యండి’కీ ‘మందు వేసుకోండి’కీ తేడా అక్కడే ఉంది.

అలాగని ‘తీసుకోండి’ కనబడ్డచోటల్లా కొట్టెయ్యకు. నిర్ణయం తీసుకోవడం, చర్యలు తీసుకోవడం, జాగ్రత్తలు తీసుకోవడం జనం నోట స్థిరపడ్డాయి. ఇంటికొచ్చినవాళ్ళతో ‘కాఫీ తీసుకోండి’ అనడం మర్యాద. ‘తాగండి’ అంటే కొందరికి మొరటుగా వినిపిస్తుంది. కరపత్రంలో మాత్రం మర్యాద కన్నా స్పష్టత ముఖ్యం.

ఒక నోటుబుక్కు పెట్టుకో. ఎడమవైపు మందు, పరీక్ష, సెలవు లాంటి నామవాచకాలు రాసుకో. కుడివైపు జనం వాటితో వాడే క్రియ రాయి. మందుల షాపు దగ్గర పది నిమిషాలు నిలబడితే పేజీ నిండుతుంది.

ఇక నీ కాగితం. మూడో పేజీలో ‘విశ్రాంతి తీసుకోండి’ అలాగే ఉంచు. ‘నీరు అధికంగా తీసుకోండి’ తీసేసి ‘నీళ్ళు బాగా తాగండి’ అని పెట్టు. మిగతావి నువ్వే దిద్దు. పంపేముందు మీ వీధిలో కూరగాయలమ్మే ఆవిడకు పైకి చదివి వినిపించి, ఆవిడ ‘అంటే?’ అని అడిగిన చోటల్లా గీత గీసి పంపించు. ముందు ఆ గీతలున్న చోట్లు చూస్తాను.

మీ పెద్దమ్మ