తోలుబొమ్మలతో జావా వెళ్లాలంటే: గ్రాంటు ఎలా అడగాలి?

ప్రశ్న: మాది ధర్మవరం దగ్గర పల్లె. వయసు 24. హైదరాబాద్‌లో రంగస్థల కళల్లో పీజీ (ఎంపీఏ) పూర్తి చేశాను. మా మేనమామ కుటుంబం తరతరాలుగా తోలుబొమ్మలాట ఆడుతోంది. ఇండోనేషియాలోని జావా దీవిలో వాయాంగ్ అనే బొమ్మలాట ఆడే కళాకారులతో కలిసి ఒక ఉమ్మడి ప్రదర్శన తయారు చేయాలని నా కోరిక. ఇలాంటి వాటికి గ్రాంట్లు ఇస్తారని విన్నాను. ఎక్కడ, ఎలా దరఖాస్తు చేయాలి? దీన్నే వృత్తిగా పెట్టుకోవచ్చా? నాన్న మాత్రం ‘ఇది చేయి చాచడమే’ అంటున్నారు.

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలోని చివరి మాటతోనే మొదలుపెడతాను. మీ మామయ్య ఒక ఊళ్లో ఆట ఒప్పుకున్నప్పుడు ఆ ఊరివాళ్లు ఆయనకు దానం చేస్తున్నట్టా? ఆట ఆడించుకుంటున్నారు, అందుకు డబ్బు ఇస్తున్నారు. గ్రాంటు కూడా అలాంటి ఒప్పందమే. తమ దేశపు కళాకారులు పొరుగు దేశపు కళాకారులతో కలిసి పనిచేయాలన్నది డబ్బిచ్చే సంస్థ లక్ష్యం. ఆ పని మీరు చేసిపెడతారు, ప్రతి రూపాయికీ లెక్క చూపిస్తారు. నాన్నగారికి ఈ మాట నెమ్మదిగా చెప్పండి.

ఇక అసలు విషయం. నా దగ్గరికి వచ్చేవారిలో చాలామంది ముందు డబ్బిచ్చే సంస్థల జాబితా అడుగుతారు. ఆ జాబితాకు తగ్గట్టు ప్రాజెక్టు అల్లుతారు. అది తలకిందుల పని. ముందు అవతలి దేశంలో మీతో కలిసి పనిచేసే మనిషి కావాలి, ఆ మనిషికీ మీకూ ఉమ్మడిగా ఒక ప్రశ్న ఉండాలి. డబ్బు సంగతి ఆ తరువాత.

మీ ఉత్తరానికి జతచేసిన దరఖాస్తు ముసాయిదా చదివాను. ‘అంతరించిపోతున్న ప్రాచీన కళను ప్రపంచానికి పరిచయం చేయడం’ అని మొదలైంది. ఈ వాక్యాన్ని కొట్టేయండి. పరిశీలకుల ముందుకు వచ్చే దరఖాస్తుల్లో సగం ఇలాగే మొదలవుతాయి. పైగా అందులో జావా కళాకారుడికి చోటే లేదు, ఆయన కేవలం ప్రేక్షకుడు. సాంస్కృతిక సంబంధాల పేరుతో ఇచ్చే డబ్బుకు పరీక్ష ఒక్కటే: రెండు వైపులా ఏదైనా మారుతుందా?

మీ చేతిలో ఎంత మంచి సరుకు ఉందో చూడండి. మన ఆటలో రాముడు, రావణుడు తెర మీద ఉండగానే మధ్యలో కేతిగాడు, బంగారక్క దూకుతారు. రామాయణంలో వాళ్లు లేరు. మన పల్లెలే వాళ్లను పుట్టించాయి. కరువు గురించీ, సర్పంచ్ గురించీ, పక్కింటి తగాదా గురించీ మాట్లాడేది వాళ్లే. సరిగ్గా ఇలాగే జావా వాయాంగ్‌లో సెమార్, గారెంగ్, పెట్రుక్, బాగొంగ్ ఉన్నారు. వాళ్లూ భారత రామాయణాల్లో లేనివారే, వాళ్లూ అక్కడి జనం నోటితో మాట్లాడేవారే. రెండు దేశాలూ ఒకే కథను తీసుకుని, రెండూ హాస్యగాళ్లను సొంతంగా చేర్చుకున్నాయి. ఎందుకు? కేతిగాడు, పెట్రుక్ ఒకే తెర మీద ఎదురుపడితే ఏం మాట్లాడుకుంటారు? మీ దరఖాస్తు మొదటి పేరా ఇదే కావాలి. దీన్ని ముందు తెలుగులో, మామయ్య పక్కన కూర్చుని రాయండి. ఇంగ్లీషులోకి తరువాత మార్చుకోవచ్చు. ఇంగ్లీషులోనే ఆలోచిస్తూ రాస్తే మళ్లీ ‘అంతరించిపోతున్న కళ’ దగ్గరికే చేరతారు.

భాగస్వామిని వెతకడానికి మీ వయసులో మంచి దారి చదువు. ఇండోనేషియా ప్రభుత్వం 1974 నుంచి విదేశీయులకు దర్మసిస్వా అనే స్కాలర్‌షిప్ ఇస్తోంది. అక్కడి భాష, కళలు నేర్చుకోవడానికి ఉద్దేశించినది, డిగ్రీ ఇవ్వరు. ఎంపిక ఆ దేశ రాయబార కార్యాలయం ద్వారా జరుగుతుంది కాబట్టి ప్రకటన, వయోపరిమితి అక్కడే చూసుకోండి. జావాలోని సురకర్తా నగరంలో ఉన్న కళల విద్యాసంస్థలో బొమ్మలాటకు ప్రత్యేక విభాగమే ఉంది. కొన్ని నెలలు అక్కడ ఒక దలాంగ్ దగ్గర, అంటే బొమ్మలాడించే గురువు దగ్గర కూర్చుంటే, పది ఈమెయిళ్లతో కుదరని స్నేహం కుదురుతుంది. రేపు మీ దరఖాస్తుకు ఆయన రాసే లేఖ ‘మేము మద్దతిస్తాం’ అనే ఒక్క ముక్కతో ఆగదు. ఎన్ని రోజులు ఇస్తారు, ఎవరు వస్తారు, సాధన ఎక్కడ అన్నది అందులో ఉంటుంది. పరిశీలకులు మొట్టమొదట చదివేది ఆ లేఖే.

ఈలోగా ఇంటి దగ్గర మీ పేరు మీద కొంత పని కనిపించాలి. కేంద్ర సాంస్కృతిక శాఖ 18 నుంచి 25 ఏళ్ల యువ కళాకారులకు నెలకు 5,000 రూపాయల చొప్పున రెండేళ్లు స్కాలర్‌షిప్ ఇస్తుంది. జానపద, సంప్రదాయ కళలు అందులో ఉన్నాయి. 25 దాటితే నెలకు 10,000 రూపాయల జూనియర్ ఫెలోషిప్‌కు అర్హులవుతారు. వీటిని చూసే సీసీఆర్‌టీకి (సాంస్కృతిక వనరుల, శిక్షణ కేంద్రం) హైదరాబాద్‌లోనే ప్రాంతీయ కేంద్రం ఉంది. మొత్తం చిన్నదే, కానీ ‘గతంలో పొందిన సహాయం’ అనే గడి ఖాళీగా ఉండకపోవడం పెద్ద బలం.

ప్రాజెక్టు స్థాయికి వచ్చాక మూడు రకాల తలుపులు ఉంటాయి. మొదటిది మన ప్రభుత్వం. మౌలానా ఆజాద్ 1950లో స్థాపించిన ఐసీసీఆర్ (భారత సాంస్కృతిక సంబంధాల మండలి) తన జాబితాలో చేర్చుకున్న బృందాలను విదేశాలకు పంపుతుంది. జకార్తాలోనూ బాలిలోనూ దాని సాంస్కృతిక కేంద్రాలు ఉన్నాయి. మామయ్య బృందం ఆ జాబితాలో ఉందో లేదో కనుక్కోండి, లేకపోతే మంచి వీడియోతో దరఖాస్తు చేయించండి. రెండోది, విదేశాల్లోని భారత మైత్రీ సంఘాలకు మన సాంస్కృతిక శాఖ ఇచ్చే గ్రాంటు. అది అక్కడి మన రాయబార కార్యాలయం ద్వారా వెళుతుంది. దాన్ని అడగాల్సింది మీరు కాదు, అక్కడి సంఘం. ఈ తేడా తెలియక ఇక్కడి నుంచి అర్జీలు పంపేవారు ఎందరో. మూడోది విదేశీ సంస్థలు. బ్రిటన్ వెళ్లాలనుకునే భారతీయ కళాకారులకు 1981లో ఏర్పడిన చార్లెస్ వాలెస్ ఇండియా ట్రస్టు, స్విట్జర్లాండ్ కళాకారులతో పనికి ఢిల్లీలో కార్యాలయం ఉన్న ప్రో హెల్వెషియా, జర్మన్ బృందాలతో ఉమ్మడి ప్రదర్శనలకు గోథే ఇన్‌స్టిట్యూట్ నిధి. ఇవేవీ మీ జావా ఆలోచనకు నేరుగా సరిపోవని గమనించారు కదా? ఒక్కో సంస్థ డబ్బు దాని దేశంతో ముడిపడి ఉంటుంది. పేరున్న సంస్థ కదా అని జావా ప్రాజెక్టులో ఒక జర్మన్‌ను ఇరికించకండి.

ఇప్పుడు చాలామంది బోల్తా పడే చోటు. నేను సలహా ఇచ్చిన ఒక చిన్న నాటక బృందానికి విదేశం నుంచి గ్రాంటు మంజూరైంది. లేఖ వచ్చింది, మిఠాయిలు పంచుకున్నారు. తీరా చూస్తే ఆ డబ్బు పుచ్చుకునే అర్హత వాళ్ల సొసైటీకి లేదు. గడువు ముగిసిపోయింది, గ్రాంటు వెనక్కి పోయింది. ఆ సాయంత్రం వాళ్ల ముఖాలు నేను మరచిపోలేదు. ముందే హెచ్చరించనందుకు నన్ను నేను తప్పుపట్టుకున్నాను. అందుకే ఇప్పుడు ప్రతి ఒక్కరికీ చెబుతున్నాను.

విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, 2010 ప్రకారం సాంస్కృతిక కార్యక్రమానికి విదేశీ నిధి తీసుకోవాలంటే కేంద్ర హోం శాఖ వద్ద నమోదై ఉండాలి. నమోదుకు సంస్థ వయసు కనీసం మూడేళ్లు ఉండాలి, ఆ మూడేళ్లలో తన ప్రధాన కార్యక్రమాలపై 15 లక్షల రూపాయలు ఖర్చు చేసి ఉండాలి. అంత లేనివారు ఒక నిర్దిష్ట పనికి, ఒక నిర్దిష్ట దాత నుంచి తీసుకోవడానికి ముందస్తు అనుమతి కోరవచ్చు. 2020 సవరణ తరువాత డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోకే రావాలి, దాన్ని మరో సంస్థకు బదిలీ చేయకూడదు. అంటే నమోదు ఉన్న పెద్ద సంస్థ డబ్బు తీసుకుని మీ సొసైటీకి పంచిపెట్టే పాత పద్ధతి ఇక చెల్లదు. చదువుకు వచ్చే స్కాలర్‌షిప్పులను చట్టం వేరుగా చూస్తుంది. దర్మసిస్వా దారిని ముందు చెప్పడానికి ఇది కూడా కారణం. ప్రాజెక్టు విషయంలో అవతలి భాగస్వామి ప్రధాన దరఖాస్తుదారుగా ఉండి, టికెట్లు, బస వంటి ఖర్చులు తానే నేరుగా భరించే ఏర్పాటు కుదురుతుందేమో ఆలోచించండి. ఏ దారైనా సంతకం పెట్టకముందే ఈ చట్టం తెలిసిన చార్టర్డ్ అకౌంటెంట్‌కు చూపించండి. ఆ ఫీజు దండగ అనుకోవద్దు.

మీ బడ్జెట్ కాగితంలో ఒక వరుస నన్ను బాధపెట్టింది. విమానం, వీసా, హోటల్, వీడియోగ్రాఫర్, అన్నిటికీ అంకెలు ఉన్నాయి. ‘తోలుబొమ్మ కళాకారులు (మామయ్య కుటుంబం)’ ఎదురుగా సున్నా. ఇంటివాళ్లే కదా అని అలా వేసి ఉంటారు. కెమెరా పట్టే మనిషికి రోజుకింత అని ఇచ్చి, మేకతోలు నానబెట్టి, గీసి, చిల్లులు కొట్టి, రంగులద్ది, రాత్రంతా పాడే మనిషికి సున్నా వేస్తే పరిశీలకులు ఏమనుకుంటారు? మామయ్యకు, అత్తయ్యకు, పాడేవారికి, వాద్యగాళ్లకు రోజువారీ పారితోషికం రాయండి, సాధన రోజులతో సహా. దుభాషికి, ప్రయాణ బీమాకు, మారకపు రేటు తేడాకు కొంత పెట్టండి. బొమ్మలు జంతు చర్మంతో చేసినవి కాబట్టి అవతలి దేశపు కస్టమ్స్ నిబంధనలు ముందే అడిగి తెలుసుకోండి, ఆ రవాణా ఖర్చునూ చేర్చండి.

వృత్తి సంగతికి వస్తే, గ్రాంట్ల మీదే బతకవచ్చని నేను చెప్పను. ఒకటి వస్తుంది, మూడు రావు. కానీ ప్రాజెక్టు రాయడం, లెక్కలు నడపడం, రెండు భాషల మనుషులను ఒక గదిలో కూర్చోబెట్టి పని చేయించడం తెలిసినవారికి నాటకోత్సవాల్లో, సాంస్కృతిక కేంద్రాల్లో, మ్యూజియాల్లో పని దొరుకుతుంది. త్రిస్సూర్‌లో జరిగే కేరళ అంతర్జాతీయ నాటకోత్సవం వంటి చోట ఒక్క సీజన్ వాలంటీరుగా పనిచేసి చూడండి. విదేశీ బృందం విమానం దిగిన క్షణం నుంచి సామాను తిరిగి ఎక్కేదాకా ఏమేం తప్పిపోతాయో అక్కడ తెలుస్తుంది. మొదటి రెండేళ్లకు ఒక పాక్షిక ఉద్యోగం, ఉపాధ్యాయ పనైనా సరే, పక్కన పెట్టుకోండి.

ఈ నెలలో చేయాల్సినవి రెండే. మామయ్య ఆడే ఒక కేతిగాడి ఘట్టాన్ని పది నిమిషాల వీడియో తీయండి, తెర ముందు నుంచి కొంత, వెనక నుంచి కొంత. ఆ తరువాత ఆయనను కూర్చోబెట్టి, ‘మామయ్యా, మీ ఒక రోజు పనికి ఎంత వేయమంటారు?’ అని అడగండి. ఆయన చెప్పిన అంకెను ఆ సున్నా ఉన్నచోట రాసి, కొత్త ముసాయిదా నాకు పంపండి.