పోర్షన్ల ఇల్లు కొనాలంటే ఎలాంటి బ్రోకరు కావాలి?
సార్, విజయనగరంలో అద్దెల కోసం ఆరు పోర్షన్ల ఇల్లు చూస్తుంటే బ్రోకర్లంతా ప్లాట్ల సంగతే చెబుతున్నారన్నారు. వాళ్లని వదిలేయండి. కంటోన్మెంట్, చింతలవలస వైపు ఇళ్లు అద్దెకు కుదిర్చేవాళ్లని పట్టుకోండి; ఏ పోర్షన్ ఎన్నాళ్లు ఖాళీగా ఉంటుందో వాళ్లకే తెలుస్తుంది.

"ఏడాదికి చేతికెంత మిగులుతుంది?" అని అడగండి. నెలకు 30,000 కాబట్టి 3,60,000 అనేస్తే దండం పెట్టి వచ్చేయండి. ఒక నెల ఖాళీ, ఇంటి పన్ను, మోటారు కరెంటు, రిపేర్లు తీసేసి ఏ 2,80,000 దగ్గరో ఆగాలి. ఇల్లు 70 లక్షలైతే అది 4 శాతమే మరి!

మీటరు పోర్షన్‌కొకటి ఉందా, పై అంతస్తు ప్లాన్‌లో ఉందా అన్నది అడక్కుండానే చెప్పాలి. ఈసీ (ఆ ఇంటి మీద తాకట్లు, పాత అమ్మకాలు చూపే రిజిస్ట్రేషన్ ఆఫీసు కాగితం) మాత్రం మీరే తీయించుకోండి. అద్దెకున్నవాళ్ల అడ్వాన్సులు ధరలో తగ్గించాలని అగ్రిమెంటులో రాయించండి, లేకపోతే వాళ్లు ఖాళీ చేసేటప్పుడు మీ జేబులోంచే పోతాయి. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు లేదని పాత ఇళ్ల బ్రోకర్ని కొట్టిపారేయకండి. అది రెరా ప్రాజెక్టులు అమ్మేవాళ్ల సంగతి.