ఆ మధ్యాహ్నం రెండో కీ కార్డు ఎవరి దగ్గర ఉంది?

ప్రశ్న: మాది రాజమండ్రి. మా పాప అయిదో పుట్టినరోజుకని 2024 దసరా సెలవుల్లో హైదరాబాద్ శివార్లలో ఒక థీమ్ పార్కును ఆనుకుని ఉన్న ఖరీదైన హోటల్లో రెండు రాత్రులకు గది తీసుకున్నాం. 38 వేలు కట్టాం. అక్టోబరు 7న, పుట్టినరోజు నాడు, రైడ్లు ఎక్కేటప్పుడు నగలు ఉండకూడదన్నారని నా భార్య తన ఆరు కాసుల హారాన్ని గదిలోని లాకర్లో పెట్టింది. పాప పుట్టినరోజే కోడ్‌గా పెట్టుకున్నాం. రాత్రి ఏడింటికి వచ్చి చూస్తే లాకర్ మూసే ఉంది, హారం లేదు. హోటల్ వాళ్లు తెచ్చిన కేకు కూడా కోయలేదు. అది మా అమ్మ తన పాత నగలు కరిగించి 2015లో మా పెళ్లికి చేయించిన హారం. మోకాళ్ల నొప్పులతో మధ్యాహ్నమే పార్కు నుంచి వెనక్కి వచ్చి హోటల్లో కూర్చున్న అమ్మ, ఆ రాత్రంతా ఏడుస్తూనే ఉంది. మేనేజర్ తలుపు లాక్ రిపోర్టు చూపించి, ‘మధ్యాహ్నం 2:17కు మీ గెస్ట్ కార్డుతోనే తలుపు తెరుచుకుంది, మాకేం సంబంధం’ అన్నాడు. మా ఆవిడ దాన్ని ఫోన్‌లో ఫొటో తీసింది. గది శుభ్రం చేసే అమ్మాయి మీదే మా అనుమానం. 100కు ఫోన్ చేస్తే కానిస్టేబుల్ వచ్చి నోట్‌బుక్‌లో రాసుకుని వెళ్లాడు. అప్పటినుంచి మెయిళ్లు పెడుతూనే ఉన్నాం, ‘విచారణలో ఉంది’ అంటున్నారు. అరవై గ్రాముల బంగారం, బిల్లు లేదు. 2021లో బ్యాంకులో కుదువ పెట్టి విడిపించుకున్న నగ అది. తెలిసిన షాపాయన పాత తేదీతో, కాస్త బరువు ఎక్కువ వేసి బిల్లు రాసిస్తానంటున్నాడు. ‘విలువైన వస్తువులకు యాజమాన్యం బాధ్యత వహించదు’ అని గదిలో బోర్డు ఉంది. మాకు న్యాయం జరుగుతుందా?

జవాబు: మీ ఉత్తరం నాలుగు పేజీలు. అమ్మగారి ఏడుపు, కేకు, మేనేజర్ పొగరు అన్నీ వివరంగా రాశారు. కేసు తేలే విషయం మాత్రం రాయలేదు. చెకిన్ అప్పుడు మీకు ఎన్ని కీ కార్డులిచ్చారు? రెండు ఇచ్చి ఉంటే, ఆ మధ్యాహ్నం 2:17కు రెండోది ఎవరి దగ్గర ఉంది?

ఎందుకు అడుగుతున్నానంటే, అమ్మగారు మధ్యాహ్నమే వెనక్కి వచ్చి హోటల్లో కూర్చున్నారని మీరే రాశారు. లాబీలోనా, గదిలోనా? గదిలోకి వెళ్లకుండా లాబీలోనే ఆరేడు గంటలు కూర్చున్నారా? మాత్రల కోసమో, కాసేపు నడుం వాల్చడానికో పైకి వెళ్లి ఉంటే ఆ 2:17 ఆమెదే. అప్పుడు మీరు హోటల్ మీద పెట్టుకున్న ఆశంతా ఆ ఒక్క అంకెతోనే కూలిపోతుంది. ఎదుటి వకీలు మొదటి పది నిమిషాల్లో అడిగే ప్రశ్న ఇది. అమ్మగారు బాధపడతారని మీరు అడగకపోతే, రేపు ఆయన అడుగుతాడు.

ఒకవేళ ఆమె పైకి వెళ్లలేదు, రెండు కార్డులూ పార్కులో మీ ఇద్దరి దగ్గరే ఉన్నాయి అనుకుందాం. అప్పుడు మేనేజర్ ధీమాగా చూపించిన ఆ కాగితమే హోటల్ మెడకు చుట్టుకుంటుంది. మీ కార్డులు రెండూ బయట ఉండగా ‘గెస్ట్ కార్డు’తో తలుపు తెరుచుకుందంటే, మీ గదికి మూడో కార్డు తయారైందన్న మాట. కార్డును తయారుచేసే యంత్రం రిసెప్షన్‌లోనే ఉంటుంది. ఏ ఉద్యోగి లాగిన్‌తో, ఏ గదికి, ఎన్ని కార్డులు చేశారో మామూలుగా అందులో నమోదవుతుంది. ‘నేను 412, కార్డు లోపల మర్చిపోయాను’ అని ఎవడైనా వచ్చి అడిగితే ఐడీ చూడకుండా ఇచ్చేశారా? పార్కు జనంతో రద్దీగా ఉండే హోటళ్లలో అలా జరగదని నేను చెప్పలేను.

ఇంకో మాట. రిపోర్టులో ఉన్నది గెస్ట్ కార్డు. గదులు శుభ్రం చేసేవాళ్ల కార్డుతో తెరిస్తే స్టాఫ్ కార్డు అనే పడుతుంది. మీ చేతిలో ఉన్న ఒకే ఒక్క కాగితం ఆ అమ్మాయిని వదిలేస్తుంటే, ఆమె మీద అనుమానం ఎలా పెట్టుకున్నారు? ఆమె పేరు ఫిర్యాదులో గానీ, రివ్యూల్లో గానీ, వాట్సాప్ గ్రూపుల్లో గానీ రాయకండి. రాస్తే పరువు నష్టం కేసులో ముద్దాయి మీరే అవుతారు.

లాకర్ సంగతి. మీరు కోడ్‌గా పెట్టింది 0710. ఆ రోజు పుట్టినరోజని హోటల్‌కు చెప్పి కేకు తెప్పించుకున్నది కూడా మీరే. గదిలో ‘హ్యాపీ బర్త్‌డే’ బోర్డు ఉన్నప్పుడు ఆ కోడ్ ఊహించడానికి దొంగకు పెద్ద తెలివి అక్కర్లేదు. ఇది మీ నిర్లక్ష్యమేనని హోటల్ తప్పకుండా వాదిస్తుంది. దానికి విరుగుడు కూడా లాకర్లోనే ఉంది. అతిథి కోడ్ మర్చిపోతే తెరవడానికి మేనేజ్‌మెంట్ దగ్గర మాస్టర్ కోడో, చేతి యంత్రమో ఉంటుంది. ఎలక్ట్రానిక్ లాకర్లు చాలావాటిలో ఏ కోడ్‌తో ఎప్పుడు తెరిచారో నమోదవుతుంది. తలుపు రిపోర్టు చూపించిన మేనేజర్ లాకర్ రిపోర్టు ఎందుకు చూపించలేదు? మీరు ఎందుకు అడగలేదు?

‘యాజమాన్యం బాధ్యత వహించదు’ అన్న బోర్డు గురించి. సుప్రీంకోర్టు 2019 నవంబరులో ‘తాజ్ మహల్ హోటల్ వర్సెస్ యునైటెడ్ ఇండియా ఇన్సూరెన్స్’ కేసులో తీర్పు చెప్పింది. 1998లో ఢిల్లీలో ఒకాయన కారు తాళం హోటల్ వ్యాలేకి (కారు పార్క్ చేసే ఉద్యోగికి) ఇచ్చి లోపలికి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి కారు లేదు. పార్కింగ్ చీటీ మీద ‘ఓనర్ రిస్క్’ అని ఉంది. తాళం చేతికి తీసుకున్నాక, నిర్లక్ష్యం జరగలేదని నిరూపించుకోవాల్సిన భారం హోటల్‌దేనని, తన సిబ్బంది నిర్లక్ష్యం నుంచి చీటీ మీది ఆ మాట దాన్ని కాపాడదని కోర్టు తేల్చింది. ఈ తీర్పు చూసి సంబరపడే ముందు తేడా గమనించండి. ఆయన తాళం ఇచ్చాడు, చీటీ తీసుకున్నాడు. మీరు హారాన్ని హోటల్‌కు అప్పగించలేదు, గది లాకర్లో మీరే పెట్టుకున్నారు. అందులో హారం ఉందని హోటల్‌కు తెలియను కూడా తెలియదు. పోయిన ప్రతి వస్తువుకూ హోటల్ ఇన్సూరెన్స్ కంపెనీలా డబ్బు కట్టాలని కూడా ఆ తీర్పులో లేదు. ఆ హారాన్ని రిసెప్షన్‌లో ఇచ్చి రసీదు తీసుకుని ఉంటే ఈ ఉత్తరం రాసే పనే ఉండేది కాదు. అయిదు నిమిషాల పని.

కాబట్టి మీ ఫిర్యాదు ‘మా హారం దొంగిలించారు’ అని ఉండకూడదు. అలా రాస్తే ఇది క్రిమినల్ వ్యవహారం, సివిల్ కోర్టుకు పొమ్మనే వీలుంది. మోసం, నేరం లాంటి తీవ్ర వివాదాలను వినియోగదారుల కమిషన్లు సంక్షిప్త విచారణలో తేల్చలేవని 2023లో సిటీ యూనియన్ బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ‘మేం లేనప్పుడు మా గది తలుపు తెరుచుకునేలా హోటల్ కీ కార్డుల మీద అదుపు లేకుండా చేసింది, అది సేవాలోపం’ అని రాయాలి. దొంగ ఎవరో తేల్చడం పోలీసుల పని.

ఇప్పుడు టైము. వినియోగదారుల రక్షణ చట్టం 2019లో 69వ సెక్షన్ ప్రకారం రెండేళ్లలోపు ఫిర్యాదు వేయాలి. మీకు అది 2026 అక్టోబరు 7తో అయిపోతుంది. ‘విచారణలో ఉంది’ అని హోటల్ పెట్టిన మెయిళ్ల వల్ల గడువు ఒక్క రోజు కూడా పెరగదు. మీరు రిమైండర్లు పెడుతూ పోతే, వాళ్లు మర్యాదగా జవాబులిస్తూ పోయారు. ఆ మర్యాదకు మీరు ఏడాదిన్నర పైనే ఖర్చు పెట్టారు. సరైన కారణం చూపిస్తే ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషన్‌కు ఉంది గానీ, ‘నమ్మి కూర్చున్నాం’ అనేది పెద్ద కారణం కాదు.

హైదరాబాద్ తిరగక్కర్లేదు. మీరు ఉండే జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు, ఆన్‌లైన్‌లో కూడా వేయొచ్చు. ఏ కమిషన్, ఎంత ఫీజు అనేది హారం ధరను బట్టి ఉండదు, మీరు హోటల్‌కు కట్టిన 38 వేలను బట్టి ఉంటుంది. 5 లక్షల లోపైతే ఫీజు లేదు. బుకింగ్ మీ పేరున, హారం మీ భార్యది కాబట్టి ఇద్దరూ ఫిర్యాదుదారులుగా ఉండండి.

షాపాయన బిల్లు. ఈ ఆలోచన ఇక్కడితో ఆపేయండి. కమిషన్ ముందు నడిచేది చట్టం దృష్టిలో న్యాయ విచారణే. అక్కడ కల్పిత సాక్ష్యం పెడితే భారతీయ న్యాయ సంహిత 229వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా జైలు. బిల్లు రాసిన షాపాయనా మీ వెనకే వస్తాడు. పైగా దొరికిపోవడం చాలా తేలిక. 2015 బిల్లు కావాలంటే 2015 నాటి పుస్తకం కావాలి. ఇప్పటి కంప్యూటర్‌లో కొట్టిస్తే పైన జీఎస్టీ నంబరు వస్తుంది. జీఎస్టీ వచ్చిందే 2017 జులై 1న. ఇలాంటి బిల్లు ఒకటి నా కళ్లారా చూశాను. అవతలి వకీలు ఇంకేమీ అడగలేదు, ఆ నంబరు గట్టిగా చదివి కూర్చున్నాడు. నిజమైన హారం నిజంగా పోయినా, ఆ తర్వాత ఆ మనిషి మాట ఎవరూ నమ్మలేదు.

అసలు మీకు ఆ బిల్లు అవసరమే లేదు. బ్యాంకులో కుదువ పెట్టానని మీరే రాశారు కదా! గోల్డ్ లోన్ ఇచ్చేటప్పుడు అప్రైజర్ నగను తూచి, రకం, మొత్తం బరువు, రాళ్లు పోగా నికర బరువు రాస్తాడు. మీతో ఏ పేచీ లేనప్పుడు మూడో మనిషి రాసిన కాగితం అది. షాపు బిల్లు కంటే గట్టిది. బ్రాంచికి వెళ్లి లోన్ ఖాతా నంబరు చెప్పి ఆ వివరాల కాపీ రాతపూర్వకంగా అడగండి. అది వచ్చాక మీ ఉత్తరం మళ్లీ చదువుకోండి. పైన ఆరు కాసులన్నారు, కింద అరవై గ్రాములన్నారు. కాసంటే 8 గ్రాములు, ఆరు కాసులు 48. హైదరాబాద్ వాళ్ల తులాల లెక్కలో ఆరు తులాలు అరవై గ్రాములవుతాయి, అది వేరే సంగతి. అఫిడవిట్‌లో ఈ రెండు అంకెలూ పడితే, హారం ఉందా లేదా అన్న దగ్గరే మీ కేసు ఆగిపోతుంది. బ్యాంకు కాగితంలో ఉన్న గ్రాములే రాయండి, ఒక్క గ్రాము ఎక్కువ వద్దు.

బరువు తేలినా, ఆ రోజు హారం హోటల్‌కు వచ్చిందని చూపించాలి. ముందు రోజు సాయంత్రమో, ఆ ఉదయం టిఫిన్ దగ్గరో మీ భార్య మెడలో హారంతో ఫొటో ఉందా? అలాగే 2:17కు మీరు పార్కులో ఉన్నారనడానికి ఫుడ్‌కోర్టులో చేసిన యూపీఐ చెల్లింపుల టైము చూడండి. ఆ చుట్టుపక్కల ఒకటి ఉంటే బ్యాంకు స్టేట్‌మెంట్ తీయించండి. మీ భార్య అదే సమయంలో రైడ్ దగ్గర పాపతో దిగిన ఫొటో ఉంటే అదీ కావాలి. అవి మీ ఇద్దరికే పనికొస్తాయి, అమ్మగారికి పనికిరావు. లాక్ రిపోర్టు ఫొటో ఏ ఫోన్‌తో తీశారో ఆ ఫోన్ అమ్మకండి, ఎక్స్చేంజ్‌లో ఇవ్వకండి. భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ ప్రకారం ఆ ఫొటోతో పాటు సర్టిఫికెట్ ఇవ్వాల్సి వస్తుంది, వాట్సాప్‌లో తిరిగిన కాపీ కంటే అసలు ఫైలు మేలు.

హోటల్ దగ్గరున్న సాక్ష్యం సగం పోయి ఉంటుందని ముందే చెబుతున్నాను. సీసీటీవీ రికార్డింగు కొన్ని వారాలకే చెరిగిపోతుంది. తలుపు లాక్ మెమరీ కూడా కొన్ని వందల ఎంట్రీల తర్వాత పాతవి కొట్టేసుకుంటూ పోతుంది. అందుకే అడుగుతున్నాను, మీ మొదటి మెయిల్‌లో ఏం రాశారు? ‘సీసీటీవీ, లాక్ రికార్డులు భద్రపరచండి’ అన్న మాట ఎక్కడైనా ఉంటే, వాళ్లు చెరిపేసినా మీకు మేలే. అడిగాక కూడా దాచలేదంటే అది వాళ్లకు వ్యతిరేకంగా ఉండేదని కమిషన్ అనుకోవచ్చు. ‘మీ హోటల్ పరువు తీస్తాం’ అని మాత్రమే రాసి ఉంటే చేసేదేమీ లేదు.

పోలీసులు. కానిస్టేబుల్ నోట్‌బుక్ ఎఫ్ఐఆర్ కాదు. పెద్ద హోటల్ కదా, వాళ్లే చూసుకుంటారని రాతపూర్వక ఫిర్యాదు ఇవ్వకుండా, రసీదు తీసుకోకుండా బిల్లు కట్టి ఊరికొచ్చేశారు. చదువుకున్న మనిషి చేసే పనేనా ఇది? భారతీయ నాగరిక సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్) 173వ సెక్షన్ ప్రకారం ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు, రాజమండ్రిలో తీసుకుని అక్కడికి పంపాలి. తీసుకోకపోతే ఎస్పీకి స్పీడ్ పోస్టులో పంపండి. ఆలస్యానికి కారణం నిజమే రాయండి. ఆ రోజు 100కు చేసిన కాల్ రికార్డు ఫోన్ కంపెనీ దగ్గర ఇప్పటికి ఉంటుందో లేదో, మీ ఫోన్‌లో స్క్రీన్‌షాట్ ఉందేమో ముందు వెతకండి.

ఈ వారంలో హోటల్‌కు వకీలు నోటీసు ఇప్పించండి, పదిహేను రోజులు చాలు. మీ గదికి ఆ రెండు రోజుల్లో తయారైన కార్డులన్నిటి లెక్క, లాకర్ లాగ్ (ఎప్పుడు, ఏ కోడ్‌తో తెరిచారో చూపే రికార్డు), తలుపు లాగ్ పూర్తి కాపీ అందులో అడగాలి. ఇవ్వకపోతే ఫిర్యాదుతో పాటే, వాటిని తెప్పించమని కమిషన్‌కు పిటిషన్ వేయాలి, ఆ అధికారం కమిషన్‌కు ఉంది. జవాబు వచ్చినా రాకపోయినా ఆగస్టు దాటకుండా ఫిర్యాదు వేసేయండి. చట్టంలో మూడు నెలల్లో తేల్చాలని ఉంది, ఆ లెక్క మాత్రం వేసుకోకండి.

ఒకవేళ 2:17కు తలుపు తెరిచింది అమ్మగారే అయితే అది దాచి కేసు వేయకండి. అప్పుడు లాకర్ లాగ్ ఒక్కటే మీకు దిక్కు. ఆమె వచ్చి వెళ్లాక లాకర్ ఏ కోడ్‌తో తెరుచుకుందో అది చెప్పాలి. కేసు బలహీనమవుతుంది గానీ పూర్తిగా పోదు. వకీలు దగ్గరికి వెళ్లేటప్పుడు అమ్మగారిని కూడా తీసుకెళ్లండి.